తిరుగు ఓడ: మద్రాసు నుంచి నేటాల్‌కు నడిచిన ఒక కంపెనీ కథ



ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన కాకినాడ రేవులో సరుకు లెక్కలు రాస్తూ జీవితం గడిపిన మనిషి. ఆయన పెట్టిన షరతులు రెండని కుటుంబంవారు చెప్పారు. ప్రసంగంలో తన పేరు ఎత్తకూడదు. సముద్రం గురించి మాట్లాడాలి గానీ కవిత్వం చెప్పకూడదు. మొదటిది తేలిక. రెండోదానికి నా ప్రయత్నం నేను చేస్తాను.

హైటెక్ సిటీలో కూర్చుని ఓడల గురించి వినడమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. ఇక్కడినుంచి ఏ తీరానికి పోవాలన్నా రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ కొండరాళ్ళ నేల సముద్రానికి మరీ పరాయిది కాదు. ఈ పై అంతస్తుల్లోంచి కనిపించే గోల్కొండ కోటకు మచిలీపట్నం రేవు ఉండేది. కుతుబ్ షాహీల కాలంలో అక్కడినుంచి ఓడలు ఎర్ర సముద్రపు ముఖద్వారం దగ్గరున్న మోఖా దాకా వెళ్ళేవి. ఆఫ్రికా మనిషీ ఈ ఊరికి కొత్త కాదు. మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికన్ గుర్రపు దళం పేరు మీద వెలిసిన పేట అది. ఆ సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. నేటి సంగతికొస్తే, సనత్‌నగర్ కంటైనర్ డిపోలో సీలు వేసిన పెట్టె రైలెక్కి రేవు చేరి ఓడెక్కుతుంది. ఆఫ్రికాలో హెచ్ఐవి రోగులు వాడే మాత్రల్లో హైదరాబాదు కంపెనీలు తయారుచేసినవి ఎన్నో ఉన్నాయి. 2025లో ఇక్కడినుంచి అడిస్ అబాబాకు నేరుగా విమానం కూడా మొదలైంది.

ఈరోజు నేను చెప్పబోయేది మాత్రం అటు వెళ్ళిన ఓడల గురించి. అంతకంటే ఎక్కువగా, వెనక్కి రాని ఓడల గురించి.

లండన్‌లో 1850లో బుల్లార్డ్, కింగ్ అనే ఇద్దరు భాగస్వాములు ఒక ఓడల కంపెనీ పెట్టారు. బుల్లార్డ్ కింగ్ కంపెనీ. మొదట తెరచాప ఓడలతో మధ్యధరా సముద్రం వైపు వ్యాపారం చేసి, తరువాత దక్షిణాఫ్రికాలోని నేటాల్ వైపు మళ్ళారు. 1880ల నాటికి వాళ్ళ చేతిలో ఆవిరి ఓడలున్నాయి. నేటాల్ డైరెక్ట్ లైన్ అన్న పేరుతో లండన్ నుంచి డర్బన్‌కు సరుకూ మనుషులూ తీసుకుపోయేవారు. వాళ్ళ ఓడల పేర్లు వింటే ఏదో మంత్రం చదువుతున్నట్టుంటుంది: ఉంజింటో, ఉమ్‌లాజీ, ఉంకూజీ, ఉంవోటీ. చాలామటుకు అవి నేటాల్ ప్రాంతపు నదుల పేర్లు, జులూ భాషవి. ఓడల అభిమానులు ఈ కంపెనీ గురించి రాసినప్పుడు పొగగొట్టం రంగు, టన్నులు, ఏ యార్డులో కట్టారు, ఏ యుద్ధంలో మునిగింది అన్నవి శ్రద్ధగా రాస్తారు. లోపలి అంతస్తులో ఎవరున్నారన్నది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. భారతదేశం నుంచి కూలీలను కూడా తీసుకువెళ్ళేవారు, అంతే. ఆ ఒక్క వాక్యం మీదే నా ఉపన్యాసం.

కంపెనీ రంగంలోకి రాకముందు నుంచే కథ ఉంది. నేటాల్ తీరంలో చెరకు బాగా పండుతుందని తెల్ల ఆసాములకు 1850ల్లో తెలిసింది. నరికే చేతులు లేవు. జులూలకు తమ భూమి, తమ పశువులు ఉన్నాయి. పరాయివాడి తోటలో ఏడాది పొడుగునా గొడ్డుచాకిరీ చేయవలసిన అవసరం వాళ్ళకు ఇంకా రాలేదు. మారిషస్ అప్పటికే దారి చూపించింది. బానిసత్వం రద్దయ్యాక అక్కడి తోటలకు 1830ల నుంచే భారతీయ కూలీలు వెళుతున్నారు. మన గోదావరి పాయ మీది కోరంగి రేవు నుంచి కూడా వెళ్ళారు. 1843లో వెళ్ళిన ఓడ పేరే కోరంగి ప్యాకెట్. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్ళకు కోరంగీలన్న పేరు స్థిరపడింది. 1839 ఉప్పెన ఆ రేవును ఊడ్చిపెట్టిన నాలుగేళ్ళకే ఆ ఓడ బయలుదేరిందని గుర్తుపెట్టుకుంటే, ఎక్కినవాళ్ళ పరిస్థితి ఊహించడానికి వేరే ఆధారం అక్కర్లేదు.

నేటాల్ ప్రభుత్వం తమ పోస్టుమాస్టరు కాలిన్స్ అనే ఆయన్ని మనుషుల కోసం మద్రాసు పంపింది. ఆయన సమకూర్చిన మొదటి జట్టు ట్రూరో అనే ఓడలో వెళ్ళి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 342 మంది. అప్పటికి మద్రాసుకు హార్బరు లేదు, ఓడలోకి నడిచి ఎక్కే వంతెన కూడా లేదు. ఓడ దూరంగా లంగరు వేసి ఉండేది. అలల మీదుగా మనుషుల్ని మసూలా పడవల్లో చేరవేసేవారు. మేకు అన్నది లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి. అల కొట్టినప్పుడు విరగకుండా వంగుతాయి. చిత్తూరు మెట్టపొలాల్లోంచి వచ్చిన మనిషికి సముద్రం గురించి అందిన మొదటి సమాచారం ఆ పడవలోనే అంది ఉంటుంది.

ఒప్పందం ఇది. అయిదేళ్ళ పని. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపై ఏడాదికో షిల్లింగు చొప్పున పెంపు. 1860 నాటి లెక్కలో 10 షిల్లింగులంటే అయిదు రూపాయలు. తిండి, గుడిసె, మందు యజమాని ఇవ్వాలి. పదేళ్ళు నేటాల్‌లో ఉంటే తిరుగు ప్రయాణం ఉచితం. కాగితం మీద చదివితే అన్యాయంగా కనిపించదు. మన ప్రాంతంలో ఆనాటి పాలేరుకు ఏడాదికింతని గింజలు కొలిచేవారు తప్ప చేతికి రూపాయి రావడం అరుదు. ఇక 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాలు ఎండిపోయినప్పుడు, అన్నం పెడతామన్న మాట ఒక్కటే చాలింది. రిక్రూటరుకు అబద్ధం ఆడవలసిన అవసరం కూడా కొన్నిచోట్ల లేకపోయింది. అయినా ఆడాడనుకోండి.

ఇక్కడ ఓడ వ్యాపారం లెక్క కాస్త చూడాలి. ఇంగ్లండ్ నుంచి డర్బన్‌కు వెళ్ళే ఓడకు సరుకు దండిగా ఉంటుంది: యంత్రాలు, బట్ట, ఇనుము, వలస వెళ్ళే తెల్లవాళ్ళు. డర్బన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఉన్ని, తోళ్ళు లాంటివే, అవీ రుతువును బట్టి. ఖాళీ కడుపుతో తిరిగే ఓడ యజమానిని ముంచుతుంది. కానీ డర్బన్‌లో సరుకు దించిన ఓడ మద్రాసుకో కలకత్తాకో వెళ్ళిందంటే, అక్కడ ఎప్పుడూ సిద్ధంగా ఉండే కిరాయి ఒకటుంది. తలకింత అని ముందే ఖాయమైన రేటు. చెల్లించేది కూలీ కాదు. 1874లో ఏర్పడిన ఇండియన్ ఇమ్మిగ్రేషన్ ట్రస్టు బోర్డు. తోటల యజమానుల దగ్గర వాయిదాల్లో వసూలు చేసుకుని ఆ బోర్డు కడుతుంది. బాకీ ఎగవేత భయం లేదు, బేరం లేదు. మిగిలిన చోటులో బియ్యం, పప్పు, నెయ్యి, చింతపండు, చక్కెరకూ మొక్కజొన్నకూ కావలసిన గోనెసంచులు. ముందు వెళ్ళినవాడి అన్నమూ తరువాత వెళ్ళేవాడూ ఒకే ఓడలో వెళ్ళారన్నమాట. 1880ల చివరి నుంచి బుల్లార్డ్ కింగ్ ఓడలు ఈ పనిలో బాగా స్థిరపడ్డాయి.

నిబంధనలు లేవని కాదు. ఆ కాలపు ఆంగ్ల ప్రభుత్వం నిబంధనలు రాయడంలో ఎవరికీ తీసిపోదు. పెద్ద మనిషికి ఓడలో 12 చదరపు అడుగుల చోటు, 72 ఘనపుటడుగుల గాలి. ప్రతి ఓడలో ఒక డాక్టరు. వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలి. ఈ చివరి నిబంధన కోసం కూలీల డిపోల్లో ఏం జరిగిందో వేరే ఉపన్యాసానికి సరిపోతుంది. సంఖ్య నిండక ఓడ కదలని రోజుల్లో రిక్రూటరు ఎక్కడెక్కడ వెతికాడో, ఎవరిని ఎవరి భార్యగా రాయించాడో, ఆ పెళ్ళిళ్ళలో ఎన్ని నేటాల్‌లో నిజం పెళ్ళిళ్ళయ్యాయో. ఒకే వంటశాల, ఒకే బానలో నీళ్ళు. ఊళ్ళో పక్కపక్కన కూర్చోని కులాలు వారాల తరబడి పక్కపక్కన పడుకున్నాయి. మన సంఘసంస్కర్తలు సభల్లో చెబుతున్న పనిలో కొంత బుల్లార్డ్ కింగ్ కంపెనీ లాభం కోసం చేసి పెట్టింది.

ఇదే కాలంలో మన తీరంలో ఇంకో ఓడల కంపెనీ ఉంది. దాన్ని పక్కన పెట్టి చూస్తేనే నేను చెప్పదలచుకున్నది తెలుస్తుంది. స్కాట్లండ్ వ్యాపారి విలియం మాకినన్ 1856లో కలకత్తా, బర్మాల మధ్య ఒక స్టీమరు కంపెనీ పెట్టాడు. 1862లో అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ అయింది. మన తీరంలో అందరికీ అది బి.ఐ. కంపెనీ. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడల్లో ఆగుతూ రంగూనుకు జనాన్ని చేరవేసింది. రంగం పోవడం అంటే ఆ ఓడెక్కడమే. డెక్కు మీద చాప పరుచుకుని కొద్ది రోజుల్లో అవతలి ఒడ్డు. వరి కోతలకు పోయి, మిల్లుల్లో బస్తాలు మోసి, డబ్బు చేతపట్టుకుని మళ్ళీ ఓడెక్కేవారు. పెళ్ళికి వచ్చేవారు, తద్దినానికి వచ్చేవారు, భూమి తగాదాకు వచ్చేవారు. నేటాల్ వెళ్ళినవాళ్ళకంటే రంగం వెళ్ళిన తెలుగువాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పులు, మేస్త్రీల దోపిడీ అక్కడా ఉన్నాయి. బి.ఐ. కంపెనీ ధర్మసత్రమేమీ కాదు, డెక్కు ప్రయాణికుల మీద గడించింది బోలెడు. కానీ తిరుగు ఓడ ఉంది. వచ్చే వారమో పై వారమో రేవులో ఉంటుంది, టికెట్టు కొనుక్కుంటే ఎక్కించుకుంటుంది. అందుకే రంగం తెలుగువాడు 1941 డిసెంబరులో జపాను బాంబులు పడేదాకా ఊరివాడుగానే ఉన్నాడు.

నేటాల్ దారిలో అలాంటి ఓడ లేదు. అక్కడినుంచి కాకినాడకు గానీ భీమిలికి గానీ నేరుగా వచ్చేది ఏదీ లేదు. టికెట్టు కొనే స్తోమత కూలీకి లేదు. ఉచిత ప్రయాణం రావాలంటే పదేళ్ళు. ఆ పదేళ్ళలో పిల్లలు పుడతారు, కూరగాయల మడి ఒకటి ఏర్పడుతుంది, ఊళ్ళో తల్లిదండ్రులు పోతారు. మనిషి వలసకూలీగా మిగులుతాడా, వేరే దేశపు మనిషి అవుతాడా అన్నది అతని దేశభక్తిని బట్టి కాదు, ఓడల వేళాపట్టీని బట్టి తేలింది. ఇది నా నిశ్చితాభిప్రాయం. పండితులు దీన్ని మరీ మొరటు వాదం అంటారేమో, అననివ్వండి.

తిరుగు ఓడ అసలే రాలేదా అంటే, వచ్చింది. ఎప్పుడెప్పుడు వచ్చిందో చూస్తే కథ ఇంకా చిక్కబడుతుంది. మొదటిది 1871లో. పదేళ్ళు పూర్తి చేసిన తొలి జట్టు రెడ్ రైడింగ్ హుడ్ అనే ఓడలో తిరిగొచ్చింది. తోడేలు ముసలమ్మ వేషం వేసుకుని కూర్చున్న పిల్లల కథ పేరు ఆ ఓడకు ఎందుకు పెట్టారో గానీ, నప్పింది. దిగినవాళ్ళు ఊరుకోలేదు. కొరడా దెబ్బలు, ఎగ్గొట్టిన జీతాలు, జబ్బుపడ్డ రోజుకు కోతలు అన్నీ అధికారుల ముందు చెప్పారు. అప్పటికి నేటాల్‌లో వ్యాపారం మందగించి 1866 నుంచే కూలీల రవాణా ఆగి ఉంది. ఈ ఫిర్యాదుల సంగతి తేలేదాకా మళ్ళీ పంపేది లేదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. 1872లో నేటాల్‌లో విచారణ సంఘం కూర్చుంది, వలసదారుల రక్షకుడు అనే ఉద్యోగం ఏర్పడింది, 1874లో ఓడలు మళ్ళీ కదిలాయి. నోరులేనివాళ్ళని అందరూ అనుకున్న మనుషులు, తిరుగు ఓడ ఒక్కటి దొరికేసరికి రెండు ప్రభుత్వాలను కదిలించారు. ఆ ఓడలో వచ్చినవాళ్ళ విగ్రహాలు ఎక్కడా లేవు.

రెండో అంకంలో తిరుగు ఓడ శిక్షగా మారింది. ఒప్పందం ముగిసిన భారతీయుడు నేటాల్‌లో స్వేచ్ఛగా స్థిరపడడం తెల్లవాళ్ళకు కంటగింపయింది. 1895లో చట్టం చేశారు. ఒప్పందం తీరినవాడు మళ్ళీ ఒప్పందంలోకి దిగాలి, లేదా ఓడెక్కి వెళ్ళిపోవాలి, లేదా ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. నెలకు ముప్ఫై షిల్లింగులు కూడా రాని సంసారం మీద ఆ పన్ను. ఆ మరుసటి ఏడే, 1896లో, గాంధీ నేటాల్ నుంచి పొంగోలా అనే ఓడలో కలకత్తా వచ్చారు. పొంగోలా కూడా అక్కడి ఒక నది పేరే. ఇరవై నాలుగు రోజుల ప్రయాణం. కూలీల కోసం కలకత్తా పోయే దారిలో కూలీల వకీలు ప్రయాణించాడు. అక్టోబరు 26న మద్రాసు పచ్చయప్ప హాలులో ఆయన నేటాల్ భారతీయుల కష్టాలు చెప్పిన సభకు అధ్యక్షత వహించింది మన తెలుగువాడైన పనప్పాకం ఆనందాచార్యులు. 1891 నాగపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడాయన. డిసెంబరులో గాంధీ కుటుంబంతో కోర్లాండ్ ఓడలో తిరిగి వెళితే డర్బన్ రేవులో దిగనివ్వలేదు. బొంబాయిలో ప్లేగు ఉందని సాకు. నాదరీ అనే రెండో ఓడతో కలిపి 1897 జనవరి 13 దాకా నీళ్ళ మీదే నిలిపేశారు. దిగాక గుంపు కొట్టింది.

తమాషా ఏమిటంటే, ఆ గుంపు కోపం భారతీయులు వచ్చినందుకే అయితే కూలీల ఓడలను కూడా ఆపాలి కదా. ఆపలేదు. అవి ఆ తరువాత పద్నాలుగేళ్ళు నిరాఘాటంగా వచ్చాయి. సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని వచ్చేవాడు ముప్పు. లెక్కకు ముట్టజెప్పిన సరుకుగా వచ్చేవాడు అవసరం.

1910లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం సత్యాగ్రహులను ఓడలెక్కించి మన దేశానికి తరిమింది. వాళ్ళలో చాలామంది దక్షిణాఫ్రికాలోనే పుట్టినవాళ్ళు, మద్రాసు మొహం ఎరగనివాళ్ళు. జి. ఏ. నటేశన్ మద్రాసులో వాళ్ళకు అన్నం పెట్టి, బసచూపి, మళ్ళీ ఓడెక్కించారు. అదే ఏడాది ఫిబ్రవరి 25న గోఖలే కేంద్ర శాసనసభలో నేటాల్‌కు కూలీల రవాణా ఆపాలని తీర్మానం పెట్టారు. 1911 జులై 1 నుంచి అది ఆగింది. దారిలో ఉన్న ఆఖరి ఓడ ఆ నెలలోనే డర్బన్ చేరింది. బుల్లార్డ్ కింగ్ వారి ఉమ్‌లాజీ. 1860 నుంచి అప్పటిదాకా వెళ్ళినవాళ్ళు మొత్తం 152184 మంది. అందులో మూడింట రెండొంతులు మద్రాసులో ఎక్కినవాళ్ళే: తమిళులు, తెలుగువాళ్ళు.

మూడో అంకం మరీ చిత్రం. 1914లో 3 పౌన్ల పన్ను పోయింది గానీ, వెళ్ళిపోతానన్నవాడికి ఉచిత టికెట్టు నిలిచింది. 1927 కేప్‌టౌన్ ఒప్పందంతో దానికి తోడు మనిషికి 20 పౌన్ల బహుమతి కూడా పెట్టారు. యాభై ఏళ్ళ కిందట ఈ ఓడ వచ్చి ఉంటే ఎగిరి గంతేసేవాళ్ళ మనవలకు ఇప్పుడు అది వచ్చింది. ఎక్కినవాళ్ళు ఎక్కారు. మద్రాసులో దిగి, తాత చెప్పిన ఊరు వెతుక్కుంటూ వెళితే ఊరు గుర్తుపట్టలేదు, కులం కలుపుకోలేదు. నేటాల్ రొట్టెకూ నేటాల్ చలికీ అలవాటుపడ్డ పిల్లలు మద్రాసు మురికివాడల్లో జ్వరాలు పడ్డారు. 1931లో భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది ఈ తిరిగొచ్చినవాళ్ళ దుస్థితి మీద నివేదిక రాశాక గానీ ఈ సంగతి ఇక్కడ పెద్దగా చర్చకు రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లో దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా ఉన్నది తెలుగువాడే. జస్టిస్ పార్టీ నాయకుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు, 1929 నుంచి 1932 దాకా. 1937లో కొద్ది నెలలు మద్రాసు ప్రధానమంత్రిగా ఉన్నాయన అంటే కొందరికి గుర్తురావచ్చు. ఆయన అక్కడున్నప్పుడే 1931లో డర్బన్‌లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది. తమిళుల్లో కలిసిపోతున్న తెలుగువాళ్ళు తమకంటూ బడులు, భజనలు, పండగలు పెట్టుకున్నారు. తిరుగు ఓడ ఎక్కబోమని తేల్చుకున్న జనం చేసిన పని అది. ఇంటికి పోయేవాడు సంఘాలు పెట్టుకోడు, ఉండిపోయేవాడు పెట్టుకుంటాడు.

సరుకు గురించి ఒక్క మాట చెప్పకపోతే ఆ కాకినాడ రేవు గుమాస్తాగారు నొచ్చుకుంటారు. నేటాల్ నుంచి మన వైపు వచ్చిన సరుకుల్లో బొగ్గు ఒకటి, వాటిల్ చెట్టు బెరడు ఇంకొకటి. దక్షిణాదిలో తోళ్ళు ఊనడానికి తరతరాలుగా వాడింది మన తంగేడు బెరడు. చెరువుగట్ల మీద, బీళ్ళలో కోసి కట్టలు కట్టి తోళ్ళ కార్ఖానాలకు అమ్ముకునేవారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి ఆఫ్రికా వాటిల్ బెరడు దిగింది. పని తొందరగా అవుతుంది, ఖర్చు తక్కువ. మెల్లగా తంగేడు గిరాకీ తగ్గింది. తెలంగాణ రాష్ట్ర పుష్పమై బతుకమ్మ మీదకెక్కిన తంగేడుకు ఒకప్పుడు డర్బన్ రేవులో పోటీదారు ఉండేదని ఎంతమందికి తెలుసు? మనుషులు అటు, బెరడు ఇటు. నేటాల్‌లో చెరకు నరకడానికి పోయినవాడి ఊళ్ళో తంగేడు కోసేవాడి పని పోయింది.

కంపెనీ చివరి రోజుల కథ త్వరగా ముగిద్దాం. 1919లో యూనియన్ క్యాజిల్ అనే పెద్ద కంపెనీ బుల్లార్డ్ కింగ్‌ను కొనేసింది. పేరు మాత్రం ఇంకో నలభై ఏళ్ళు నడిచింది. 1946లో జాతివివక్షకు నిరసనగా భారతదేశం దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం మనదే. 1960 ప్రాంతంలో బుల్లార్డ్ కింగ్ ఓడలు దక్షిణాఫ్రికా జెండా కిందికి పోయి, చివరికి సాఫ్‌మెరీన్ కంపెనీలో కలిశాయి. సాఫ్‌మెరీన్‌ను 1999లో మెర్స్క్ కొంది. 2020 చివరికి ఆ పేరూ పోయింది. మీలో ఎవరైనా ఏదో ఎగుమతిదారు కోసం మెర్స్క్ కంటైనర్ ఎక్కడుందో తెర మీద చూస్తుంటే, దూరపు చుట్టరికంగానైనా ఉమ్‌లాజీతో మీకు సంబంధం ఉన్నట్టే.

ఇటు బి.ఐ. కంపెనీ తూర్పు ఆఫ్రికా దారిలో నడిపిన కరంజా అనే ఓడ ఉంది. 1948లో వచ్చింది. బొంబాయి, సీషెల్స్, మొంబాసా, డర్బన్. విమానాలు దాని ప్రయాణికులను లాక్కుపోయాక 1976లో మన షిప్పింగ్ కార్పొరేషన్ కొని, నాన్‌కౌరీ అని పేరు మార్చి అండమాన్ దారిలో తిప్పింది. ఆఫ్రికా ఓడ అండమాన్ ఓడయింది. వీలైతే ఎవరైనా ఆ ఓడ మీద ఒక పుస్తకం రాయాలి.

ఈ ఐటీ కారిడార్‌లో నేను తరచూ వినే ఒక మాట మీద నాకున్న పేచీ ఇక్కడ చెప్పాలి. సైబర్ కూలీ అంటారు, వీసా మీద వెళ్ళినవాళ్ళను కొత్త గిర్మిటీలు, అంటే కొత్త ఒప్పందపు కూలీలు, అంటారు. రాత్రిపూట పనిచేసే పిల్లలు సరదాకు అనుకుంటే అనుకోనివ్వండి. పండితులు వ్యాసాల్లో రాస్తే మాత్రం ఒప్పుకోను. నేటాల్‌లో పని మానడం నేరం. పాసు లేకుండా ఎస్టేటు దాటితే జైలు, జైలు నుంచి వచ్చాక పోగొట్టిన రోజులు మళ్ళీ పూడ్చాలి. 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన ఆ సైబర్ టవర్స్ నుంచి ఈనాటి దాకా ఇక్కడ ఎవరి ఉద్యోగం ఎంత కష్టమైనా, రాజీనామా చేసినందుకు ఎవర్నీ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టలేదు. అమెరికాలో ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు భయంకరమే, నాకు తెలుసు. కానీ శంషాబాదుకు తిరుగు విమానం ఉంది. ఆ తేడా చిన్నది కాదు.

ఆఖరుగా మీ చేతిలో ఉన్న పని ఒకటి. ఓడెక్కిన ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చి జాబితా రాశారు: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. ఆ పుస్తకాలు డర్బన్‌లో ఉన్నాయి. అక్కడి పరిశోధకులు కష్టపడి వాటిని కంప్యూటరుకెక్కించారు. చిక్కల్లా ఊళ్ళ పేర్ల దగ్గరే వస్తుంది. చెప్పింది విశాఖ జిల్లా యాసలో, విన్నది తమిళ గుమాస్తా, రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో, మళ్ళీ డర్బన్‌లో నకలు తీసింది ఇంకో చేయి. నాయుడు నైడూ అయ్యాడు, సింహాచలం అప్పన్న పేరు పెట్టుకున్న అప్పలస్వామి అప్పల్‌సామి అయి ఇప్పుడు అక్కడ ఇంటిపేరుగా స్థిరపడ్డాడు. మనిషి పేరు ఎలాగో గుర్తుపట్టొచ్చు. ఊరి పేరు గుర్తుపట్టాలంటే ఆ తాలూకాలో ఏయే పల్లెలున్నాయో తెలియాలి, అక్కడ ళ ఎలా పలుకుతారో, వలస అన్న పల్లెకూ పాలెం అన్న పల్లెకూ ఏ అక్షరం మింగేస్తారో తెలియాలి. అది డర్బన్‌లో తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. ఆనాటి ఉత్తర ఆర్కాటులో చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉండేవని, గంజాంలోనే శ్రీకాకుళం ఊళ్ళు కొన్ని ఉండేవని పాత జిల్లా గెజిటీర్లు, రెవెన్యూ గ్రామాల పట్టికలు చెబుతాయి. ఆ పట్టికలనూ ఈ జాబితాలనూ ఎదురెదురుగా పెట్టి, ఉచ్చారణ దగ్గరితనాన్ని బట్టి జతలు వెతకడం ఈ హాల్లో కూర్చున్న సగం మందికి వచ్చిన విద్యే. రాని పని ఒకటుంది. యంత్రం చూపించిన నాలుగు ఊళ్ళలో ఏది నిజమో ఆ వైపు పెద్దవాళ్ళను అడిగి తేల్చుకోవాలి. పాలకొండ, చీపురుపల్లి, సత్యవేడు వైపు అమ్మానాన్నలున్నవాళ్ళు మీలో ఉంటారు. సభ అయ్యాక ముందు వరుస దగ్గరికి రండి, ఒక తాలూకాతో మొదలుపెడదాం. నాకైతే చీపురుపల్లి తేలికనిపిస్తోంది.